జీతం ఇచ్చిన జట్టు

పోయిన వారం గుంపులో ఒక తమ్ముడు అమెరికా, కెనడా ఆడవాళ్లు మంచుగడ్డ మీద ఆడే హాకీ వీడియో పెట్టి, "మన దగ్గర ఇట్లా జీతం తీసుకుని ఆడే ఆడవాళ్ల జట్టు ఎప్పుడైనా ఉన్నిందా?" అని అడిగినాడు. ఉన్నింది, ఇప్పుడూ ఉంది. అది రైల్వే జట్టు. మంచు మీద కాదు, నేల మీద. ముప్పై ఏళ్లకు పైగా రైల్వే ఆఫీసుల్లో ఫైళ్లు రాసినవాళ్లం కాబట్టి ఆ కథ మేము చెప్పడమే సబబు. అరవ బడిలో చదివిన చేతిరాత మాది, తెలుగులో ఎక్కడైనా తడబడితే సర్దుకోండి.

ముందు ఆ వీడియో సంగతి. కెనడాలో 2007లో మొదలైన ఆడవాళ్ల ఐస్ హాకీ లీగు చాలా ఏళ్లు ఆటగత్తెలకు జీతమే ఇవ్వలేదు. ఒలింపిక్ పతకాలు గెలిచినవాళ్లు పగలు వేరే పని చేసి, సాయంత్రం వచ్చి ఆడేవాళ్లు. అది 2019లో మూతపడింది. అమెరికాలో 2015లో పుట్టిన ఇంకో లీగు జీతం ఇస్తామని మొదలుపెట్టి, మరుసటి ఏడాదే కోత పెట్టింది. ఇప్పుడున్న లీగు 2024 జనవరి 1న ఆరు జట్లతో మొదలైంది. ఆటగత్తెల యూనియన్‌తో రాసుకున్న ఒప్పందం ప్రకారం అందులో మొదటి సీజన్‌లో కనీస జీతం 35,000 డాలర్లుగా ఉండేది. అంతటి దేశాల్లో ఆడవాళ్లకు ఆట మీద బతికే వీలు నిన్న మొన్న వచ్చింది.

ఇక మన వైపు. రైల్వేకి ముందు మన రాష్ట్రం పేరు చెప్పాలి. 1960 నుంచి 1967 దాకా జాతీయ పోటీల్లో మైసూరు రాష్ట్రం ఏడుసార్లు గెలిచింది. ఆ జట్టు నాయకురాలు బెంగళూరు ఆడబిడ్డ ఎల్వెరా బ్రిటో. ఆమె చెల్లెళ్లు రీటా, మే కూడా ఆడేవాళ్లు. ఎల్వెరా గారికి 1965లో అర్జున అవార్డు వచ్చింది, 2022లో కన్నుమూశారు. ఆ కాలంలో అది పేరు తెచ్చిన ఆటే గాని కూడు పెట్టిన ఆట కాదు. పెళ్లయితే చాలామందికి కర్ర మూలన పడేది.

ఆ కర్రను మూలన పడకుండా చేసింది ఉద్యోగం. స్పోర్ట్స్ కోటాలో ఒక పిల్లని తీసుకుంటే ఆమెకు గ్రూప్ సి పోస్టు, పాసు, పి.ఎఫ్., ఆసుపత్రి, క్వార్టర్సుకు అర్హత అన్నీ మాకున్నట్టే. పొద్దున ప్రాక్టీసు, తరువాత ఆఫీసు. టోర్నమెంటుకు పోతే స్పెషల్ క్యాజువల్ లీవు. పతకం తెస్తే ఇంక్రిమెంటు. జోన్ల మధ్య పోటీ పెట్టి, అందులోంచి ఏరి రైల్వే జట్టును నేషనల్స్‌కు పంపుతారు. మా సెక్షన్లో కొందరు "కుర్చీలో కూర్చోరు, జీతం మాత్రం తీసుకుంటారు" అని గొణిగేవాళ్లు. ఎండలో రెండు పూటలు పరుగెత్తడం కుర్చీలో కూర్చోవడం కంటే సులువా అని వాళ్లను అడగాలనిపించేది.

1980లో మాస్కోలో ఆడవాళ్ల హాకీ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆరే జట్లు. మన నాయకురాలు రూపా సైనీ, ఆమెది పంజాబ్. ఆస్ట్రియాను 2-0తో, పోలెండును 4-0తో గెలిచి, బంగారం తీసుకుపోయిన జింబాబ్వేతో 1-1 చేసుకున్నారు. చెకొస్లొవేకియాతో, సోవియట్ జట్టుతో ఓడి, ఒక్క పాయింటు తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచారు. రెండేళ్లకు ఢిల్లీ ఏషియాడ్‌లో బంగారం. ఆ జట్టు నాయకురాలు ఎలిజా నెల్సన్, రైల్వే ఉద్యోగి.

ఆ తరువాత ఒలింపిక్స్‌కు మళ్లీ పోవడానికి 36 ఏళ్లు పట్టింది. 2016 రియోలో నాయకురాలు మణిపూర్ పిల్ల సుశీలా చాను. ముంబైలో రైల్వే టికెట్ కలెక్టరు! చివరి స్థానం వచ్చిందని జనం ఎగతాళి చేసినారు. ఐదేళ్లకు టోక్యోలో ఆస్ట్రేలియాను 1-0తో ఇంటికి పంపిన గోలు గుర్జీత్ కౌర్‌ది, దక్షిణాఫ్రికా మీద మూడు గోళ్లు వందనా కటారియావి. ఇద్దరూ రైల్వే వాళ్లే. అప్పుడూ నాలుగో స్థానమే, అయినా ఈసారి ఎవరూ నవ్వలేదు.

మనకు ఇంకా దగ్గరి మాట ఒకటుంది. చింతామణి నుంచి మదనపల్లె, పీలేరు, భాకరాపేట మీదుగా తిరుపతికి పోతాం కదా, ఆ దారికి దగ్గరలోనే యర్రావారిపాలెం మండలం ఎనమలవారిపల్లి. అక్కడి పిల్ల ఏటిమార్పు రజని, గోల్‌కీపరు, రైల్వే జట్టు మనిషి. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018 ఏషియాడ్ వెండి జట్టులో, 2022 కామన్వెల్త్ కంచు జట్టులో ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన మొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్‌లో మన దేశానికి నాయకురాలు ఆమే. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడి వెండి తెచ్చినారు. ఆమె మాట్లాడే తెలుగు మన ఇళ్లల్లో తెలుగుకు ఎంతో దూరం కాదు.

ఇప్పుడు వేలం కూడా వచ్చింది. ఆడవాళ్ల హాకీ ఇండియా లీగు 2025 జనవరిలో నాలుగు జట్లతో రాంచీలో మొదలైంది. ఉదితా దుహాన్‌కు 32 లక్షలు పలికింది. ఫైనల్లో ఒడిశా వారియర్స్ సూర్మా జట్టును 2-1తో గెలిచింది. ఆ నాలుగింటిలో తెలుగు ఊరి పేరు లేదు, మన కర్ణాటక పేరూ లేదు. హైదరాబాద్ తూఫాన్స్ ఉంది గాని అది మగవాళ్లది. లీగు డబ్బు మంచిదే. కాని మోకాలు పోయిన ఏడాది వేలంలో ఎవరూ చెయ్యెత్తరు. రైల్వేలో మాత్రం ఆ నెల జీతం కూడా పడుతుంది.

అందుకే సంఘానికి మా మనవి ఒకటి. ఏటా ఎస్సెస్సెల్సీ, పీయూసీ మార్కులకు మాత్రమే బహుమానం ఇస్తున్నాం. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మూడు తాలూకాల్లో ఏ ఆటైనా ఆడే ఆడపిల్ల ఒకరికి ఈసారి బూట్లు, కర్ర, బెంగళూరు ట్రయల్స్‌కు పోయి రావడానికి చార్జీలు ఇద్దాం. జాతీయ జట్టు శిబిరాలు నడిచే సాయ్ కేంద్రం ఉండేది బెంగళూరులోనే. బాగేపల్లికి ఇంకా రైలు లేదు, బస్సు చార్జీ పెట్టాలి. మొదటి ఏడాది చార్జీలు మా పింఛన్లో నుంచి ఇస్తాం. రాబోయే ఆదివారం మీటింగులో ఈ మాట ఎత్తుతాం, ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు ఇద్దరూ రండి.