ఎస్తార్ (పోర్చుగీసు క్రియ)

ఎస్తార్ పోర్చుగీసు భాషలో 'ఉండు' అనే అర్థమిచ్చే క్రియ. రూపాల్లో నియమం తప్పే క్రియల్లో ఇదొకటి. వాడుక ఎక్కువ కాబట్టి తొలి పాఠాల్లోనే ఎదురవుతుంది. దీనికి జంటగా సేర్ అనే మరో క్రియ ఉంది. ఎవరు, ఏమిటి, ఎలాంటిది అన్నవి సేర్ చెబుతుంది. ఎక్కడ ఉన్నారు, ఇప్పుడెలా ఉన్నారు అన్నవి ఎస్తార్ చెబుతుంది. ఇంగ్లీషు ఈ రెంటినీ ఒకే క్రియతో నెట్టుకొస్తుంది. తెలుగు మాత్రం చాలా చోట్ల వీటిని విడిగానే ఉంచుతుంది.

పుట్టుక

ఎస్తార్‌కు మూలం 'నిలబడు' అనే అర్థమున్న లాటిన్ క్రియ స్తారె. సేర్‌లో రెండు లాటిన్ క్రియలు కలిసిపోయాయి. సో (నేను), ఎ (అతడు, అది) వంటి రూపాలు 'అగు' అర్థమున్న ఎస్సె నుంచి, సేర్ అనే మూలరూపం 'కూర్చొను' అర్థమున్న సెదేరె నుంచి వచ్చాయి. పోర్చుగీసుకు తొలి వ్యాకరణాన్ని ఫెర్నావ్ దె ఒలివైరా 1536లో ప్రచురించాడు. భారతదేశ వర్తకం చూసే లిస్బన్ కార్యాలయంలో ఉద్యోగిగా ఉన్న జువావ్ దె బారోస్ 1540లో మరొకటి వెలువరించాడు.

రూపాలు

వర్తమానంలో ఎస్తో (నేను), ఎస్తా (అతడు, ఆమె, అది), ఎస్తామోస్ (మనం, మేము), ఎస్తావ్ (వారు) అని వస్తాయి. భూతకాలంలో ఎస్తీవి (ఉన్నాను), ఎస్తేవి (ఉన్నాడు) అని ధాతువే మారుతుంది. 'కలిగి ఉండు' అనే తేర్ క్రియకున్న తీవి రూపాన్ని చూసి ఎస్తీవి ఏర్పడింది. మాటల్లో ఎస్తో కాస్తా తో అవుతుంది, ఎస్తా కాస్తా తా అవుతుంది. పోర్చుగల్‌లో ఫోను ఎత్తగానే ఎస్తో అనడం పరిపాటి.

కోరమండల్ తీరంలో

పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకుని 1961 వరకూ పాలించారు. 16వ శతాబ్దంలోనే కోరమండల్ తీరంలోని శాంతోమ్, పులికాట్‌లలో స్థిరపడ్డారు. మచిలీపట్నం రేవులోనూ వర్తకం చేశారు. వారి బలం తగ్గాక కూడా వారి భాష తీరంలో బేరసారాలకు పనికొచ్చింది. ఈస్టిండియా కంపెనీ 1698 నాటి సనదు, ఇక్కడికి వచ్చే మతగురువులు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలని షరతు పెట్టింది.

ఆ రాకపోకల్లో తెలుగుకు మేస్త్రీ, అల్మారా, తువాలు, బొత్తాం, పాదిరీ, అనాస వంటి మాటలు దక్కాయి. ఇవన్నీ నామవాచకాలే. ఆసియా భాషల్లో చేరిన ఇలాంటి మాటలను గోవాకు చెందిన సెబాస్తియావ్ రొదోల్ఫు దల్గాదు 1913లో గ్రంథంగా కూర్చాడు. క్రియలు బతికింది మిశ్రమ భాషల్లో. శ్రీలంకలోనూ, మన పడమటి తీరంలోని కొర్లయి, డయ్యూలలోనూ మాట్లాడే పోర్చుగీసు మిశ్రమ భాషల్లో ఎస్తా అరిగి తా, తె అయింది. అక్కడ అది పురుషను బట్టి మారదు. పని జరుగుతోందని తెలిపే గుర్తుగా మరో క్రియతో కలుస్తుంది.

తెలుగువారికి దారి

ఎన్టీఆర్ జిల్లా తిరువూరులో పోర్చుగీసు మొదలుపెట్టే విద్యార్థి ఈ క్రియను ఇంగ్లీషు మీదుగా కాక తెలుగు నుంచే అందుకోవచ్చు. 'మాది తిరువూరు' అన్నప్పుడు తెలుగులో క్రియే లేదు; అక్కడ సేర్ వస్తుంది. 'నేను తిరువూరులో ఉన్నాను' అంటే ఎస్తో. వ్యతిరేకార్థంలో తేడా ఇంకా స్పష్టం. 'నేను డాక్టర్ని కాను' సేర్ వాక్యం, 'నేను ఇంట్లో లేను' ఎస్తార్ వాక్యం. కాదు, లేదు అనే మాటలను తెలుగు పిల్లలు బడికి పోకముందే తడబడకుండా వాడతారు.

గుణాలు చెప్పేటప్పుడు ఉంటుంది, ఉంది అన్న జంట దారి చూపుతుంది. 'మామిడిపండు తియ్యగా ఉంటుంది' అన్నది మామిడి స్వభావం: అ మాంగ ఎ దోసి. 'ఈ పండు తియ్యగా ఉంది' అన్నది చేతిలో పండు రుచి చూసి చెప్పే మాట: ఎస్త మాంగ ఎస్తా దోసి. ఇందులో మొదటి ఎస్త అంటే 'ఈ'. దానిలో ఊనిక తొలి అక్షరం మీద పడుతుంది. ఎస్తా అనే క్రియలో ఊనిక చివర పడుతుంది. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

జరుగుతున్న పనికీ పోలిక ఉంది. మాట్లాడుతున్నాను అనే మాటలో ఉన్నాను ఇమిడి ఉన్నట్టే, బ్రెజిల్‌వారి ఎస్తో ఫలాందులో ఎస్తార్ ఉంది. పోర్చుగల్‌లో దీన్నే ఎస్తో అ ఫలార్ అంటారు.

పోలిక తప్పే చోట్లు

కదలని వాటి చోటు చెప్పేటప్పుడు తెలుగు అలవాటు దారి తప్పిస్తుంది. 'తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది' అంటాం. పోర్చుగీసులో ఊళ్లకూ భవనాలకూ ఫికార్ అనే మూడో క్రియ సహజం. శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని పాఠాల్లో చెప్పే సూత్రం కూడా అన్నిచోట్లా నిలవదు: మరణించిన మనిషి గురించి చెప్పేటప్పుడు వచ్చేది ఎస్తారే. వాక్యం చెప్పేది స్వభావమా, స్థితా అన్నది చూసుకోవాలి. తెలుగు మాట్లాడేవారికి ఆ విచక్షణ చిన్నప్పటి నుంచీ ఉంది, కాబట్టి పాఠం అక్కడి నుంచే మొదలవ్వాలి.