ముందు పండిన ద్రాక్ష



ఇటలీ దేశపు పటం బూటు ఆకారంలో ఉంటుంది. ఆ బూటు మడమ దగ్గరి ప్రాంతం పూల్యా. అక్కడ వానలు తక్కువ. సున్నపురాతి మీద ఎర్రమన్ను. ఆ నేలలో పండే ప్రిమితీవో అనే నల్లద్రాక్ష నుంచి చిక్కని ఎర్ర ద్రాక్షసారా తీస్తారు. తాగమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ తీగ చరిత్రలో సేద్యగాడు తెలుసుకోదగ్గ సంగతి ఉంది.

18వ శతాబ్దం చివర జోయా దెల్ కొల్లె అనే ఊళ్లో ఇందెల్లికాతి అనే క్రైస్తవ మతగురువు ఉండేవాడు. రకరకాల తీగలు కలగలిసిన తోటలో ఒక రకం మిగతావాటికన్నా ముందే పక్వానికి రావడం ఆయన కనిపెట్టాడు. ఆ తీగల కొమ్మలే కోసి, వేరే నాటి, ఆ ఒక్క రకాన్నే పెంచాడు. ముందు పండేది గనుక దానికి ప్రిమితీవో అని పేరు వచ్చింది. ఆగస్టు నెలాఖరుకే కోతకు వస్తుంది. పక్క కొమ్మలకు చిన్న గుత్తులు వేసి, కొన్ని వారాల తరువాత రెండో కాపు కూడా ఇస్తుంది. పాత తోటల్లో పందిరి ఉండదు. కురచ పొదల్లాగ కత్తిరించి పెంచుతారు.

1881లో ఆల్తమూరా నుంచి ఒక జమీందారీ ఇంటి ఆడపడుచు అత్తవారింటికి వస్తూ, కట్నంతోపాటు ఈ మొక్కలు తెచ్చిందనీ, అలా మందూరియా ప్రాంతానికి ఈ రకం చేరిందనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

పంట బాగానే ఉంది, పేరే దక్కలేదు. చాలాకాలం ఈ సారాను పీపాలకెత్తి ఉత్తరాదికి పంపేవారు. అక్కడి పలచని సారాల్లో రంగు కోసం, బలం కోసం కలిపేసేవారు. చెమట ఒకరిది, సీసా మీద పేరు ఇంకొకరిది! 1974లో ‘ప్రిమితీవో ది మందూరియా’ అనే పేరుకు చట్టరీత్యా రక్షణ వచ్చింది. నిర్ణయించిన హద్దుల్లో, నిర్ణయించిన పద్ధతిలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది.

ఇంకో విశేషం వినండి. అమెరికాలో కాలిఫోర్నియా రైతులు జిన్‌ఫాండెల్ అనే ద్రాక్షను తమ సొంత రకమనుకునేవారు. 1967లో గోహీన్ అనే శాస్త్రజ్ఞుడు పూల్యాకు వచ్చి, ఈ రెండూ ఒక్కటేనేమో అని అనుమానించాడు. 1990లలో జన్యు పరీక్షలు ఆ మాట రూఢి చేశాయి. 2001లో మూలం క్రొయేషియా తీరంలో దొరికింది. పుట్టినచోట అప్పటికి ఆ తీగలు కొద్ది మొదళ్లకు తగ్గిపోయి, పేరైనా ఎక్కువమందికి తెలియని స్థితిలో ఉండేవి. ఆదరించి పెంచినచోట మాత్రం తోటలకు తోటలుగా విస్తరించాయి.

కాబట్టి మంచి రకం ఉంటే చాలదు. దాన్ని గుర్తించే కన్ను, నిలిపే చెయ్యి కావాలి. మీ తోటలో ఒక చెట్టు ముందు కాసినా, బాగా కాసినా, కోతకు ముందే దానికి గుర్తు కట్టండి. ఆ కొమ్మే అంటు కట్టండి. అమ్మేటప్పుడు మీ ఊరి పేరుతోనే అమ్మండి.