ఇబ్నుల్ హైసమ్ నుండి కోరుట్ల దాకా: కెమెరా కటకం కథ

అరబ్బీలో కటకాన్ని 'అదసా' అంటారు. ఉర్దూ పాఠ్యపుస్తకాలలోనూ అదే మాట. 'అదస్' అంటే మసూరు. సూరె బఖరాలో బనీ ఇస్రాయీలు మూసా (అ)ను కోరిన భూమి పంటలలో అదస్ ఒకటని పాఠకులకు తెలుసు. లాటిన్‌లో 'లెన్స్' అన్నదీ ఆ గింజ పేరే. నడుమ ఉబ్బి, అంచుల వైపు పలచబడే గాజుబిళ్లను రెండు భాషలూ మసూరు గింజతోనే పోల్చాయి. ఇంతవరకు మాటల చరిత్ర సరిగానే ఉంది. అయితే 'కెమెరా' అన్న మాట కూడా అరబ్బీ 'ఖమరా' నుండే వచ్చిందని మన ప్రసంగాలలో తరచు వినబడుతుంది. అది పొరపాటు. లాటిన్‌లో 'కామెరా' అంటే గది. దాని మూలం గ్రీకు. అలాగే కెమెరాను కనిపెట్టినవాడు ఇబ్నుల్ హైసమ్ అనడమూ అతిశయోక్తే. సన్నని రంధ్రం గుండా వెలుగు పోయి ప్రతిబింబం ఏర్పడే సంగతి చైనావారికి, గ్రీకులకు అంతకు ముందే తెలుసు. లేని ఘనతను తగిలిస్తే ఉన్న ఘనత మరుగున పడుతుంది. ఇబ్నుల్ హైసమ్ విషయంలో జరిగింది అదే.

క్రీ.శ. 965 (హిజ్రీ 354) ప్రాంతంలో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో మరణించిన ఈ పండితుడు ఏడు సంపుటాల 'కితాబుల్ మనాజిర్'లో చేసిన పని వేరు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలమీల అనుచరులు నమ్మేవారు. వస్తువు మీది ప్రతి బిందువు నుండీ వెలుగే ఋజురేఖలలో కంటికి వస్తుందని ఈయన ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. చీకటి గది వెలుపల కొన్ని దీపాలు వరుసగా ఉంచి, ఒకే రంధ్రం గుండా వాటి వెలుగు లోపలి గోడ మీద పడనిచ్చాడు. ఏ దీపాన్ని మూస్తే దాని మచ్చ మాత్రమే మాయమయింది. మిగిలినవి చెదరలేదు, ఒకదానిలో ఒకటి కలిసిపోలేదు. గ్రహణాన్ని గురించి వ్రాసిన వేరొక చిన్న గ్రంథంలో మరో ముఖ్య విషయం చెప్పాడు. రంధ్రం చిన్నదైతే గ్రహణ సూర్యుడి నెలవంక ఆకారం గోడ మీద నిలుస్తుంది. రంధ్రం పెద్దదైతే ఆ ఆకారం కరిగి గుండ్రని వెలుగుగా మారుతుంది.

కెమెరా కటకం కథ మొత్తం ఈ చిక్కులోనే ఉంది. రంధ్రం ఇరుకైతే రూపం స్పష్టం, కాని వెలుగు చాలదు. వెడల్పైతే వెలుగు పుష్కలం, కాని రూపం చెదురుతుంది. పదహారవ శతాబ్దంలో ఇటలీలో కార్డానో (1550), బార్బారో (1568) ఆ రంధ్రంలో గాజుబిళ్లను అమర్చమని వ్రాశారు. గాజు వంపు వెలుగును మళ్లీ ఒకచోట చేర్చుతుంది గనుక, రంధ్రం వెడల్పుగా ఉన్నా రూపం నిలిచింది. నేడు ఔత్సాహికుడు లెన్సు మీద చదివే ఎఫ్ 2, ఎఫ్ 5.6, ఎఫ్ 16 అనే అంకెలు ఈ చిక్కుకు కట్టిన లెక్కలే. కటకం నాభ్యంతరాన్ని రంధ్రం వ్యాసంతో భాగించగా వచ్చేది ఆ అంకె. అంకె పెరిగిన కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్ 2 వద్ద లోపలికి వచ్చే వెలుగు ఎఫ్ 4 వద్ద వచ్చేదానికి నాలుగింతలు.

వెలుగు వంగే తీరును ఇబ్నుల్ హైసమ్ కంటే ముందే బాగ్దాదుకు చెందిన ఇబ్ను సహల్ 984 ప్రాంతంలో రేఖాగణితంతో లెక్కకట్టాడు. ఐరోపాలో స్నెల్ పేరు మీద చలామణీ అయ్యే సూత్రానికి అది సమానమని రుష్దీ రాషిద్ 1990లో ప్రకటించే వరకు లోకానికి తెలియదు. మనాజిర్ కూడా తూర్పున చాలాకాలం మరుగున పడి ఉంది. పదమూడవ శతాబ్దం చివర కమాలుద్దీన్ ఫారసీ దానిని వెతికి పట్టుకొని, నీరు నింపిన గాజుగోళంతో తన ప్రయోగాలు జోడించి 'తన్‌ఖీహుల్ మనాజిర్' అనే వ్యాఖ్య వ్రాశాడు. ఆ అరబ్బీ వ్యాఖ్య తొలిసారి అచ్చయింది మరెక్కడో కాదు, హైదరాబాదులో. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ దానిని 1928, 1930 మధ్య రెండు సంపుటాలుగా వెలువరించింది. కోరుట్ల, జగిత్యాల అప్పుడు నిజాం రాజ్యంలోని పట్టణాలే. తమ రాజధానిలో అచ్చయిన ఆ గ్రంథం తమ ఊళ్ల ఫోటోగ్రాఫర్ల చేతిలోని గాజుముక్క కథేనని అక్కడివారికి ఎవరూ చెప్పలేదు.

మనాజిర్‌లో ఫోటోగ్రాఫరుకు పనికివచ్చే భాగం మూడవ సంపుటం. చూపు పొరపడకుండా ఉండాలంటే ఎనిమిది నిబంధనలు హద్దులో ఉండాలంటాడు ఇబ్నుల్ హైసమ్. దూరం, ఎదురుగా ఉండే తీరు, వెలుగు, వస్తువు పరిమాణం, దాని ఘనత, నడిమి గాలి నిర్మలత్వం, చూసేందుకు పట్టే కాలం, కంటి ఆరోగ్యం. వీటిలో ఏది మితి తప్పినా కన్ను తప్పు తీర్పు ఇస్తుంది. రెండవ సంపుటంలో ఆయన చూపును రెండు విధాలుగా విడదీశాడు. కంటికి తగలగానే కలిగేది 'బదీహా'. నిలిచి, ఒక్కొక్క భాగాన్ని పరికించి గ్రహించేది 'తఅమ్ముల్'. కన్ను తెచ్చిన దానిని బుద్ధి పోల్చి, తూచి తీర్పు చెప్పినప్పుడే చూడడం పూర్తవుతుందన్నది ఆయన సిద్ధాంతం. గాజు ఆ పని చేయలేదు.

ఐరోపాలో 1839లో డాగేర్ పద్ధతి వెల్లడైనప్పుడు కటకాలు మందకొడివి. ఎండలో కూర్చున్న మనిషి నిమిషాల తరబడి కదలకుండా ఉండవలసి వచ్చేది. మరుసటి ఏడు పెట్స్‌వల్ లెక్కకట్టిన ఎఫ్ 3.6 కటకంతో ఆ నిరీక్షణ బాగా తగ్గింది. 1893లో టేలర్ మూడు గాజుల కటకం, 1902లో రుడోల్ఫ్ నాలుగు గాజుల టెస్సార్ వచ్చాయి. తరువాతి కాలపు కెమెరాలలో చాలా వాటి కటకాలు ఈ రెండింటి సంతానమే.

దక్కనులో ఈ కళకు ఆద్యుడు లాలా దీన్‌దయాళ్ (1844-1905). ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పనిచేసి, 1894లో 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదు పొందాడు. 1892లో ఆయన హైదరాబాదులో పర్దా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. కటకం ఎంత మంచిదన్న ప్రశ్నకు ముందు, దాని వెనుక నిలబడేది ఎవరన్న ప్రశ్న ఉందని ఆనాడే గుర్తించిన ఏర్పాటు అది.

ముసవ్విర్ అన్న బిరుదే ఉలమాల చర్చకు మూలం. తస్వీర్ నిషేధం ఫోటోకు వర్తిస్తుందా? 1914 నుండి 1920 వరకు ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ, ఫోటో కొత్తగా రూపం కల్పించడం కాదు, ఉన్న నీడను పట్టి ఉంచడమేనని తీర్పు ఇచ్చాడు. దేవ్‌బంద్ పండితులలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ తదితరులు దీనిని ఒప్పుకోలేదు. పాస్‌పోర్టు వంటి అవసరాలకు మాత్రం సడలింపు ఇచ్చారు. అంతకు చాలా ముందే, 1861లో, ఈజిప్టు సైనిక ఇంజనీరు ముహమ్మద్ సాదిఖ్ బే మదీనా మునవ్వరా మొదటి ఛాయాచిత్రాలు తీసి ఉన్నాడు. ఈ వివాదం ఇక్కడ తేలేది కాదు. 'నీడను పట్టడం' అన్న మాటను మాత్రం గుర్తుంచుకోవాలి. నీడ ఎంత పడాలో, ఏ దూరం నుండి పడాలో నిర్ణయించేది పట్టేవాడే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు ఇళ్లలోకి కెమెరా వచ్చింది ప్రధానంగా గల్ఫ్ బాటనే. 1970ల నడుమ నుండి ఈ పట్టణాల యువకులు దుబాయి, మస్కట్, సౌదీ వెళ్లారు. సెలవుకు తిరిగివచ్చేటప్పుడు టేపు రికార్డర్లతో పాటు జపాను కెమెరాలూ తెచ్చారు. అంతకు ముందు మన దేశంలో దిగుమతి ఆంక్షల వల్ల సామాన్యుడికి దొరికింది ఆగ్ఫా క్లిక్ వంటి డబ్బా కెమెరాయే. దానికి ఒకే కటకం, మార్చే వీలు లేదు. ఎండలో నిలబడి తీస్తే బొమ్మ వచ్చేది, ఇంటిలోపల రాదు. గల్ఫ్ కెమెరా ఎఫ్ 2 లెన్సుతో వచ్చేసరికి తలుపు దగ్గరి వెలుతురులో బీడీలు చుట్టే తల్లి ముఖం కూడా ఫిల్ము మీద నిలిచింది. ఆ ఫోటో కవరులో పెడితే సముద్రం దాటి కొడుకు గదికి చేరేది. ఏ ప్రదర్శనశాలకూ ఎక్కని ఆ చిత్రాలే ఈ ప్రాంతపు అసలు ఫోటో చరిత్ర అనవచ్చు.

ప్రదర్శనశాలలకెక్కిన మనిషి కూడా కోరుట్ల నుండే వచ్చాడు. 1939లో అక్కడ జన్మించిన బండి రాజన్‌బాబు హైదరాబాదులో లలితకళలు అభ్యసించి, రాజా త్రయంబక్‌రాజ్ బహద్దూర్ వద్ద ఫోటోగ్రఫీ మెలకువలు నేర్చాడు. 1983లో ఇంగ్లండులోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్ పొందాడు. 2011లో మరణించాడు. ఆయన ఎంచుకున్న విషయాలలో కొన్ని ఈ పత్రిక పాఠకులకు సమ్మతం కాకపోవచ్చు. గిరిజనుల చిత్రాల వద్ద, ప్రకృతి దృశ్యాల వద్ద మాత్రం తఅమ్ముల్ అనే మాటకు అర్థం కనబడుతుంది.

ఔత్సాహికుడికి మొదటి లెన్సు ఏది? 35 మి.మీ. ఫిల్ము కెమెరాకు 50 మి.మీ. లెన్సు చాలు. నేటి చిన్న సెన్సారు డిజిటల్ కెమెరాకు 35 మి.మీ. లెన్సు దాదాపు అదే పని చేస్తుంది. సోవియట్ జెనిట్ కెమెరాతో వచ్చిన హీలియోస్ 58 మి.మీ. ఎఫ్ 2 వంటి పాత లెన్సులను అడాప్టరుతో నేటి కెమెరాలకు తగిలించేవారూ ఉన్నారు. పాతది కొనేటప్పుడు రంధ్రం పూర్తిగా తెరిచి, వెనుక నుండి టార్చి వేసి చూడాలి. సాలెగూడు వంటి దారాలు కనబడితే బూజు పట్టినట్లే. వానాకాలం తేమకు తోలు సంచిలో మూసి పెట్టిన లెన్సుకు ఆ తెగులు తప్పదు. సిలికా జెల్ పొట్లాలు వేసిన బిగుతు డబ్బా దానికి తోలు సంచికంటే మేలైన ఇల్లు. ఒక్క లెన్సుతో ఏడాది గడిపినవాడికి దూరం లెక్క కాళ్లకే తెలిసిపోతుంది. మూడు లెన్సులు ఒకేసారి కొన్నవాడు సంచీలో చేయి పెట్టి ఆలోచిస్తుండగానే దృశ్యం దాటిపోతుంది.

ఇబ్నుల్ హైసమ్ చెప్పిన దూరం నిబంధనను పరీక్షించదలచినవారు జగిత్యాల కోటకు వెళ్లాలి. 1747లో కట్టిన ఆ కోటను ఫ్రెంచి ఇంజనీర్లు నక్షత్రాకారంలో రూపొందించారని ప్రసిద్ధి. కందకం ఒడ్డున నిలబడినవాడికి నక్షత్రం కనబడదు, రాతిగోడే కనబడుతుంది. 24 మి.మీ. లెన్సు తగిలిస్తే గోడ మొత్తం పడుతుంది గాని, కెమెరాను పైకెత్తిన మరుక్షణం బురుజులు వెనక్కి వాలిపోతాయి. కెమెరాను నేలకు సమంగా పట్టుకొని వెనక్కి నడవడం తప్ప దీనికి సులభమైన మందు లేదు. 200 మి.మీ. లెన్సుతో దూరం నుండి తీస్తే మూలలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు కనబడతాయి, వేసవి మధ్యాహ్నమైతే వేడిగాలికి రాళ్లు అలలాడతాయి. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. పేర్చినట్లు కనబడడానికి కారణం లెన్సు కాదు, నిలుచున్న దూరం. అదే చోట నిలబడి 50తో తీసి, నడిమి ముక్కను పెద్దది చేసి చూస్తే అదే అమరిక కనబడుతుంది. మనిషి ముఖానికీ అంతే. 28 మి.మీ. లెన్సుతో అడుగు దూరానికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఆరేడు అడుగులు వెనక్కి జరిగి 85 లేదా 100 మి.మీ. లెన్సు వాడితే ముఖం తన పాళ్లలో ఉంటుంది.

సిరిసిల్లలో దూరం కాదు, వెలుగూ కాలమూ పరీక్ష పెడతాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. షెడ్డు లోపల ట్యూబులైట్లు, చెవులు హోరెత్తే చప్పుడు, గాలిలో నూగు. 400 వేగం ఫిల్ముకు ఎఫ్ 2 వద్ద సెకనులో 60వ వంతు సరిపోయే చోట, ఎఫ్ 5.6 మాత్రమే తెరుచుకునే జూమ్ లెన్సుకు 8వ వంతు కావాలి. అంతసేపు చేయి నిలవదు. మన విద్యుత్తుకు పాత రకం ట్యూబులైటు సెకనుకు వంద మార్లు మిణుకుతుంది గనుక షట్టరు మరీ వేగంగా పెట్టినా బొమ్మలో వెలుగు చారలు పడతాయి. 50వ వంతు దగ్గర నాడె ఒక గీతగా మారి, దాని వెనుక మనిషి నిలిచి కనబడతాడు. నూగు లెన్సులో చేరకుండా ముందు ఒక ఫిల్టరు బిగించాలి. షెడ్డులో లెన్సు మార్చరాదు.

1990ల చివరి నుండి కొన్నేళ్ల పాటు సిరిసిల్ల పేరు నేతకార్మికుల ఆత్మహత్యల వల్ల పత్రికలకెక్కింది. కెమెరాలు వీధుల్లోకి వచ్చాయి. 200 మి.మీ. లెన్సుకు వీధి మలుపు నుండే వాకిట్లో ఏడుస్తున్న భార్య ముఖం అందుతుంది. ఆమెకు తెలియదు. అదే ముఖం 50తో తీయాలంటే ఏడడుగుల దూరానికి రావాలి. పరాయి ఇంటి వాకిట సలాం చెప్పి అనుమతి అడగనిదే లోపలికి పోరాదన్న సూరె నూర్ ఆదేశం తెలిసినవాడు ఆ గడప వద్ద ఆగుతాడు. పొడవు లెన్సుకు గడప అడ్డం రాదు. అది లోపం గాజుది కాదు గనుక ఏ దుకాణంలోనూ దానికి మరమ్మతు దొరకదు. కొందరు వాకిట్లోకి వెళ్లి, కెమెరా సంచీలోంచి తీయకుండానే కూర్చొని, అరగంట తరువాత ఆగిన సాంచాను మాత్రం తీసుకొని వెళ్లారు. పోగులు ఇంకా దానిమీదే ఉన్నాయి.