మంద్రతంత్రి చరిత్ర: చదునుచుట్టు, గుండ్రచుట్టు తంత్రుల విచారము

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాలో చేరిన పావగడ తాలూకా పెక్కు ప్రక్కల ఆంధ్రదేశముచే ఆవరింపబడిన సీమ. తూర్పున పెనుగొండ, దక్షిణమున మడకశిర, ఉత్తరమున కల్యాణదుర్గము దీనికి పొరుగూళ్లు. రాజభాష కన్నడమైనను ఇచ్చటి ఇండ్లలోను సంతలలోను తెలుగు విరివిగా వినబడును. హరికథ, భజన, పద్యనాటకము అను మూడును ఈ ప్రాంతపు పల్లెలకు చిరపరిచితములు. ఒకవైపు మైసూరు వైణికుల సంప్రదాయము, మరియొకవైపు ఆంధ్రుల సంప్రదాయము గల ఈ సరిహద్దున నిలిచి చూచినచో, వాద్యములకు కట్టు తంత్రుల చరిత్ర రెండు దిక్కుల నుండియు స్పష్టముగా గోచరించును.

నేడు బేసు గిటారు నేర్వగోరు యువకునకు మొదట ఎదురగు ప్రశ్న తంత్రులను గూర్చినదే. బెంగుళూరు బళేపేటలోని వాద్యముల అంగళ్లకు పోయినచో వర్తకుడు రెండు విధములైన తంత్రులను చూపును. ఒకటి రౌండ్‌వౌండ్ అను గుండ్రచుట్టు తంత్రి, రెండవది ఫ్లాట్‌వౌండ్ అను చదునుచుట్టు తంత్రి. ఇది కేవలము పాశ్చాత్యుల తగవనియు, మన సంగీతమునకు దీనితో ప్రసక్తి లేదనియు పలువురు తలంతురు. ఆ తలంపు ఎంతవరకు సరియైనదో విచారించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

1. తంత్రికి చుట్టు ఏల వలసెను?

తంత్రి పలుకు శ్రుతి మూడింటిపై ఆధారపడును: పొడవు, బిగువు, బరువు. ఈ సూత్రములను ఫ్రాన్సు దేశీయుడగు మెర్సెన్ 1636లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. పొడవును బిగువును మార్పక ఒక తంత్రిని ఒక స్థాయి క్రిందికి దింపవలెనన్న, దాని బరువు నాలుగు రెట్లు కావలెను. అదే లోహముతో అట్లు చేయుటకు తంత్రి మందము రెండింతలు కావలసి వచ్చును. రెండు స్థాయిలు దింపుటకు మందము నాలుగింతలు కావలెను. చిక్కు ఇచ్చటనే కలదు. మందము రెండింతలైనప్పుడు వంగుటకు తంత్రి చూపు ప్రతిఘటన పదునారు రెట్లు పెరుగును. అట్టి తంత్రి తంత్రివలె గాక కడ్డీవలె ప్రవర్తించును. దాని ఉపస్వరములు శ్రుతి తప్పును, నాదము పొడిబారును.

ఈ చిక్కును విడదీయుటకు యూరోపులో 17వ శతాబ్దమున ఒక ఉపాయము కనుగొనబడెను. సన్నని నడితంతిపై మరియొక లోహపు తీగను దగ్గరదగ్గరగా చుట్టినచో బరువు పెరుగును గాని బిరుసుదనము అంతగా పెరుగదు. లండనులో ప్లేఫర్డు 1664లో ప్రచురించిన సంగీత గ్రంథమున ఈ చుట్టు తంత్రులు నూతన కల్పనగా పేర్కొనబడినవి. అంతకుముందు ప్రేగుతంత్రులతో మూల్గుచుండిన మంద్రస్వరములకు వీనివలన స్పష్టత కలిగెను. పిదప వయొలిను కుటుంబమంతయు ఈ కల్పన వలన లాభము పొందెను.

2. వైణికుల మార్గము

మంద్రస్థాయిని గూర్చిన చింత మనవారికి అంతకుముందే కలదు. విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధిని రచించెను. అందు శుద్ధమేళ వీణ నాలుగు తంత్రులును అనుమంద్ర షడ్జము, అనుమంద్ర పంచమము, మంద్ర షడ్జము, మంద్ర మధ్యమము అను క్రమమున శ్రుతి చేయవలెనని విధించెను. నాలుగు తంత్రులును మంద్ర, అనుమంద్రములలోనే యుండుట గమనింపదగినది. 1565లో రాక్షసి తంగడి యుద్ధానంతరము విజయనగర రాజధాని పెనుగొండకు తరలెను. అనగా ఆ వీణాశాస్త్రమునకు ఆశ్రయమిచ్చిన రాజ్యము, నేటి పావగడకు కూతవేటు దూరమున కొంతకాలము పీఠము వేసికొని యుండెను.

తంజావూరున తెలుగు పలికిన నాయకరాజుల కాలమున, రఘునాథ నాయకుని (1600–1634) ఆస్థానమున, 24 మెట్లు స్థిరముగా గల వీణ రూపుదిద్దుకొనెనని ఐతిహ్యము. ఆ వీణకు వాయించు తంత్రులు నాలుగు: సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము. ప్రక్కన తాళతంత్రులు మూడు. సంప్రదాయానుసారముగా పై రెండును ఉక్కువి, క్రింది రెండును ఇత్తడివి.

ఈ లోహభేదము అలంకారమునకు ఏర్పడినది కాదు. ఇత్తడి ఉక్కుకన్న కొంచెము బరువైనది. వంచినప్పుడు చూపు ప్రతిఘటనలో ఉక్కులో సుమారు సగము. అందుచే మందమైన ఇత్తడి తీగ, అంతే మందము గల ఉక్కు తీగకన్న మెత్తగా లొంగి మంద్రమును నిండుగా పలుకును. యూరోపువారు చుట్టుతో సాధించినదానిని మనవారు లోహమును మార్చి కొంతవరకు సాధించిరని చెప్పవచ్చును. కాలక్రమమున కొందరు వైణికులు మంద్ర, అనుమంద్రములకు చుట్టు తంత్రులను గైకొనిరి. అప్పుడు వారికిని అదే ప్రశ్న ఎదురాయెను: చుట్టు గుండ్రనిదా, చదునైనదా?

వీణపై వాదనక్రమమే ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. గమకమును పలికించుటకు వైణికుడు తంత్రిని మెట్టుపై ప్రక్కకు లాగును. జారునందు తంత్రి పొడవున వ్రేళ్లను జార్చును. గుండ్రచుట్టు తంత్రిపై గాళ్లుండుటచే జారునందు కిచకిచ ధ్వని పుట్టును. లాగునందు ఆ గాళ్లు లోహపు మెట్టును ఆకురాయివలె ఒరయును. మైనమునందు అమర్చిన మెట్లకు ఆ ఒరపిడి హితము కాదు. చుట్టు నున్ననిదైనచో ఈ రెండు దోషములును తగ్గును. కావున గమకప్రధానమైన వాద్యమునకు నున్నని తంత్రి స్వభావసిద్ధమని తేలుచున్నది.

3. బేసు గిటారు పుట్టుక

విద్యుత్తుతో పలుకు బేసు గిటారుకు 1930 దశకముననే ప్రయత్నములు జరిగినను, లోకవ్యాప్తమైనది 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండరు వెలువరించిన ప్రెసిషన్ బేసు. దాని తంత్రుల పొడవు 34 అంగుళములు. మన వీణ తంత్రుల పొడవు దానికి ఇంచుమించు సన్నిహితమే. నాలుగు తంత్రులలో మిక్కిలి మంద్రమైనది సెకనునకు సుమారు 41 కంపనములు గలది. చుట్టు లేని తంత్రితో ఆ పొడవున ఆ శ్రుతి సాధింపరానిదగుటచే చుట్టు తప్పనిసరియాయెను.

తొలినాటి బేసు గిటార్లకు చదునుచుట్టు తంత్రులే కట్టబడెడివి. పట్టీవంటి లోహమును నడితంతిపై చుట్టుటచే అవి తాకుటకు అద్దమువలె నున్నగా నుండును. వాని నాదము గుండ్రముగా, లోతుగా, కొంచెము మూతబడినట్లుండును. నిలువుగా నిలిపి వాయించు పెద్ద డబుల్ బేసును మరపించు వాద్యముగా ఫెండరు బేసును భావించిన కాలమున ఆ నాదమే అందరికిని ఇష్టమైనది. డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ (1936–1983) ఈ తంత్రులకు ప్రతినిధి. ఆయన తంత్రి తెగిననే తప్ప మార్చెడివాడు కాడని ప్రసిద్ధి. కొంతకాలమునకు తంత్రి మెరుగు తగ్గి నాదము మరింత స్థిమితపడుట ఆయన వాదనకు అనుగుణమాయెను.

1960 దశకము నడుమ రుచి మారెను. ఇంగ్లండులో జాన్ ఎంట్‌విజిల్ అను వాదకుడు 1966 ప్రాంతమున రోటోసౌండ్ సంస్థవారితో కలసి గుండ్రచుట్టు తంత్రులను అభివృద్ధి చేయించెను. వీనియందు పియానో మంద్రతంత్రుల వంటి మెరుపు గల నాదము పుట్టెను. గిటార్లు, తబలాలు, కంఠములు కలసి మ్రోగు సభలో బేసు గిటారు పలుకు విడిగా వినబడసాగెను. నాటినుండి గుండ్రచుట్టు తంత్రి బజారును ఏలుచున్నది.

ఈ విజయమునకు చెల్లింపవలసిన మూల్యము కలదు. గాళ్లలో చెమటయు మురికియు చేరుటచే వాని మెరుపు కొలది వారములలోనే తగ్గును. మెట్లను త్వరగా అరగదీయును. మెట్లు లేని బేసు గిటారుపై ఈ తంత్రులను కోరిన జాకో పాస్టోరియస్, ఫలకపు కొయ్య చెడకుండుటకై పడవలకు పూయు ఎపాక్సి పూత పూయవలసి వచ్చెను. 1976లో వెలువడిన ఆయన తొలి స్వీయ సంపుటము ఆ నాదమును లోకమునకు పరిచయము చేసెను. జారును మెరుపును ఏకకాలమున కోరినవాడు వాద్యమును సైతము అందులకు తగినట్లు సిద్ధపరుపవలెనని దీనివలన గ్రహింపవచ్చును.

4. దక్షిణదేశమున దృష్టాంతములు

కాలపు అవసరమును బట్టి తంత్రి మారుననుటకు మైసూరు సీమయందే మంచి దృష్టాంతము కలదు. తిరుమకూడలు చౌడయ్య (1895–1967) 1927లో ఏడు తంత్రుల వయొలినును ప్రవేశపెట్టెను. మైక్రోఫోను లేని పెద్ద సభలలో వెనుక వరుసకు వాద్యము వినబడకుండుటయే దీనికి కారణము. తంత్రులకు జోడుగా స్థాయిభేదముతో వేరు తంత్రులను చేర్చి ఆయన నాదమును బలపరచెను. ధ్వనివర్ధకములు వ్యాపించిన పిదప ఆ అవసరము తీరెను. ఏడు తంత్రుల వయొలిను ఆయనతోడనే చాలవరకు నిలిచిపోయెను.

దీనికి విపర్యయముగ, పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలినునందు తంత్రులను తగ్గించెను. జంటతంత్రుల స్థానమున ఒంటితంత్రులను కట్టి, మంద్రమునకై ఐదవ తంత్రిని చేర్చెను. జంటతంత్రులను సమముగా లాగి గమకమును పలికించుట దుష్కరము. ఒంటితంత్రి గమకమునకు లొంగును. చౌడయ్య సభకొరకు తంత్రులను పెంచెను. శ్రీనివాస్ గమకముకొరకు తగ్గించెను. ఇరువురును బజారులోని వాడుకను గాక తమ సంగీతపు అవసరమునే ప్రమాణముగా గొనిరి. 2014లో పరమపదించిన శ్రీనివాస్ వాదనము ఈ వివేకమునకు నిదర్శనముగా నిలిచియున్నది.

చలనచిత్రముల ద్వారా బేసు గిటారు తెలుగు శ్రోతకు చేరువయ్యెను. 1976లో చిత్రరంగమున ప్రవేశించిన ఇళయరాజా, తెలుగున సాగర సంగమము (1983) వంటి చిత్రములకు సంగీతము కూర్చెను. ఆయన బాణీలలో బేసు గిటారు కేవలము తాళమునకు ఊతగా నుండక, స్వతంత్రముగా రాగమున నడచుట సామాన్యము. అట్టి పాటలను విని పెరిగిన తెలుగు యువకుడు బేసు గిటారును పరాయి వాద్యముగ తలపకుండుటలో వింత లేదు.

5. పూర్వపక్షము, సమాధానము

గమకప్రధానమైన మన సంగీతమునకు చదునుచుట్టే ఎల్లవేళల యోగ్యమని నిర్ణయించుట తొందరపాటగును. మన సంప్రదాయము మెరుపును నిరసించినది కాదు. తంబురా గుర్రముపై తంత్రి క్రింద ఉంచు జీవాళి దారమే ఇందులకు సాక్ష్యము. ఆ నూలుపోగు తంత్రియందలి ఉపస్వరములను మేల్కొలిపి ఝుంకారమును పుట్టించును. అనగా ఉపస్వర సమృద్ధికి తంబురా, గమకమునకు వీణ, ఇట్లు రెండు నాదములకును మనవారు వేరువేరు స్థానములను కల్పించిరి. గుండ్రచుట్టు తంత్రి మెరుపును, చదునుచుట్టు తంత్రి నునుపును ఈ రెండు స్థానములతో పోల్చి చూచినచో తగవు తీరును.

మరియొక సూక్ష్మము కలదు. విద్యుత్ గిటారు నాదగ్రాహకము అయస్కాంతముతో పనిచేయును. ఉక్కు, నికెలు వంటి లోహముల కదలికనే అది గ్రహించును. ఇత్తడి తంత్రిని అది దాదాపు గ్రహింపదు. కావున వీణ ఇత్తడి తీగను బేసు గిటారుకు కట్టి సంప్రదాయమును నిలుపవచ్చునని తలచుట వ్యర్థము. నిలుపవలసినది లోహము కాదు. తంత్రిని ఎన్నుకొను వివేకము.

6. ఫలితార్థము

పై విచారము వలన కొన్ని అంశములు తేలుచున్నవి. భజనకో, పద్యమునకో, రాగాలాపనకో తోడుగా బేసు గిటారు వాయించువాడు చదునుచుట్టు తంత్రిని ఎన్నుకొనుట మేలు. ఆ నాదము గాయకుని కంఠమునకు అడ్డుపడదు. జారునందు కిచకిచ వినబడదు. మెట్లు చిరకాలము నిలుచును. వెల మొదట కొంచెము ఎక్కువైనను తరచుగా మార్చు పని లేనందున తుదకు ఖర్చు కలిసివచ్చును. వర్షాధారముపై బ్రదుకు పావగడ వంటి సీమలోని విద్యార్థికి ఇది స్వల్ప విషయము కాదు. పలు వాద్యముల నడుమ విడిగా వినబడగోరువాడును, బొటనవ్రేలితో చరచి వాయించువాడును గుండ్రచుట్టును గ్రహింపవచ్చును. ఇరువది నాలుగు గంటలును ఒకే తంత్రి అన్ని పనులకు చాలునని చెప్పుట మాత్రము అశాస్త్రీయము.

ఇంతకన్న ముఖ్యమైన విషయము మరియొకటి. తంబురా స్థానమును విద్యుత్ శ్రుతిపెట్టె ఆక్రమించిన ఇండ్లలో జీవాళి సరిచేయు నేర్పు ఒక తరములోనే మరుగగుచున్నది. తంత్రి మందమును వ్రేలితో తాకి చెప్పగలవారును, మంద్రమునకు ఇత్తడి ఏల కట్టుదురో ఎరిగినవారును తగ్గుచున్నారు. సిద్ధముగా దొరకు తంత్రుల పొట్లము ఈ జ్ఞానమును ఇయ్యజాలదు. బేసు గిటారును చేపట్టిన యువకుడు తన తంత్రికి చుట్టు ఏల కలదో, అది గుండ్రనిదో చదునైనదో ఏల కావలెనో అడిగి తెలిసికొన్ననాడు, వాద్యము క్రొత్తదైనను అతడు వైణికుల పరంపరలోనివాడే యగును. తెలుగువారి సంఘములు వీణ, తంబురాలకు తంత్రులు కట్టుట ఎరిగిన పెద్దలను పిలిపించి, గిటారు నేర్చు పిల్లలను వారి ఎదుట కూర్చుండబెట్టినచో, మంద్రస్థాయిని గూర్చి మనవారు ఆర్జించిన అనుభవము వ్యర్థము కాక నిలుచును.