కడుపులోని ఆకలి, నడివయస్సు రక్తపుపోటు

రక్తపుపోటుకు కారణాలేమని అడిగితే ఉప్పు, స్థూలకాయం, పొగాకు, దిగులు, వంశం అని అందరమూ చెప్పగలం. వీటితోపాటు ఆలస్యంగా గుర్తింపు పొందిన కారణం ఇంకొకటి ఉన్నది. అది తల్లి గర్భంలో ఉన్ననాడు శిశువుకు అందిన ఆహారం. ఈ భావం శాస్త్రచరిత్రలో ఎట్లా రూపుదిద్దుకున్నదో, దానికి మన తెలంగాణ పల్లెలు ఏ సాక్ష్యం పలికినవో చూతము.

రక్తపుపోటును కొలవడమే ఇటీవలి విద్య. చేతికి పట్టీ చుట్టి పాదరసపు మట్టంతో కొలిచే సాధనాన్ని 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచీ ప్రకటించినాడు. నాడి చప్పుడును స్టెతస్కోపుతో విని పై అంకెను, క్రింది అంకెను నిర్ణయించే పద్ధతిని 1905లో రష్యా శస్త్రవైద్యుడు కొరట్కాఫ్ తెలిపినాడు. కొలత చేతికి వచ్చిన పిమ్మట, కొన్ని కుటుంబాలలో ఈ వ్యాధి తరతరాలుగా కనబడుతున్నదని తేలినది. కాని తల్లిదండ్రులిచ్చిన జన్యువులు ఒక్కటే దీనినంతా వివరించలేకపోయినవి.

1942లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వాడింగ్టన్ 'ఎపిజెనెటిక్స్' అనే మాటను ప్రయోగించినాడు. జన్యువుల నుండి దేహం రూపొందే క్రమాన్ని పరిశీలించే శాస్త్రమని ఆయన ఉద్దేశం. జన్యువులలోని అక్షరక్రమం మారకుండానే వాటి పని హెచ్చడం, తగ్గడం అనే అర్థం దానికి క్రమేణా స్థిరపడినది. రేడియో పెట్టెలోని తీగలేవీ మార్చకుండానే మీట త్రిప్పి ధ్వనిని హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును గదా! జన్యువులకు అటువంటి మీటలలో ఒకటి మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు. ఈ గుర్తు పడిన చోట సాధారణంగా జన్యువు పని తగ్గుతుంది.

ఇది రక్తపుపోటును ఎట్లా తాకుతుంది? మూత్రపిండాలలో ఒక ఎంజైము ఉన్నది. కార్టిసోల్ అనే హార్మోను అక్కడ ఉప్పును నిలువ చేయకుండా అది కాపాడుతుంది. ఆ ఎంజైమునకు సంబంధించిన జన్యువుపై మిథైల్ గుర్తులు అధికమైతే ఆ కాపలా సడలుతుంది. ఉప్పు, దానితో నీరు దేహంలో నిలిచి రక్తపుపోటు పెరుగుతుంది.

ఈ మిథైల్ గుర్తులకు కావలసిన ముడిసరుకును సమకూర్చడంలో ఫోలిక్ ఆమ్లానికి పాత్ర ఉన్నది. దాని చరిత్ర మనకు పరాయిది కాదు. గర్భిణులకు వచ్చే ఒక విధమైన రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతున్నదని బొంబాయిలో పరిశోధనలు చేసిన లూసీ విల్స్ 1931లో ప్రకటించినది. ఆ సారంలోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తరువాత తెలిసినది. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు, 1895లో భీమవరంలో జన్మించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు.

గర్భంలోని ఆకలి గుర్తులు ఎంతకాలం నిలుస్తవి? 1944-45 శీతకాలంలో జర్మన్ సేనల దిగ్బంధం వలన హాలెండులో ఘోరమైన క్షామం వచ్చినది. ఆ రోజులలో గర్భంలో పడినవారిని, క్షామం ఎరుగని వారి తోబుట్టువులతో పోల్చి చూచినారు. ఆరు దశాబ్దాల అనంతరం కూడా పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువుపై మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నట్లు 2008లో వెల్లడించినారు. తక్కువ బరువుతో పుట్టినవారికి పెద్దతనంలో రక్తపుపోటు హెచ్చుగా ఉంటున్నదని ఇంగ్లండులో బార్కర్ బృందం 1989లోనే చెప్పినది.

ఇక మన పల్లెల సాక్ష్యం. 1987-90 నడుమ హైదరాబాదు సమీపంలోని 15 గ్రామాలలో గర్భిణులకు, పసిపిల్లలకు ప్రభుత్వ శిశు అభివృద్ధి పథకం క్రింద అదనపు ఆహారంగా ఉప్మా పెట్టినారు. ఆ పథకం అప్పటికి చేరని 14 గ్రామాలను పోలికకు తీసికొన్నారు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, వారి సహచరులు 2003-05లో ఆ బిడ్డలలో 1,165 మందిని, వారు 13-18 ఏళ్ళ వయస్సులో ఉండగా, మరల పరీక్షించినారు. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. వారి ధమనులు తక్కువ బిరుసు. ఇన్సులిన్ మేలుగా పనిచేస్తున్నది. రక్తపుపోటులో మాత్రం స్పష్టమైన భేదం కనబడలేదు. ఆ పరీక్ష మిథైల్ గుర్తులను కొలిచినదీ కాదు. అయినను ధమనుల బిరుసుతనం ముందుముందు రక్తపుపోటుకు దారి తీయగలదు గనుక, ఆ ఉప్మా ఫలితం బాల్యంతో ముగిసిపోలేదని చెప్పవచ్చును.

కడుపుతో ఉన్న కోడలు ఇంటిల్లిపాదీ తిన్న పిమ్మట మిగిలినది తినడం, ఎక్కువ తింటే కాన్పు కష్టమని అన్నం తగ్గించడం మన ఇండ్లలో చాలా కాలం సాగినవి. ఈ చరిత్ర తెలిసిన ఇంట అవి సాగరాదు. గర్భిణులకు, బాలింతలకు పూటభోజనం, గ్రుడ్డు, పాలు అంగన్వాడీలో అందించే ఆరోగ్యలక్ష్మి పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించినది. ఓరుగల్లు పల్లెల పెరటి తోటకూరలో, గంపలోని పెసలలో ఫోలిక్ ఆమ్లపు సహజరూపం సమృద్ధిగా ఉన్నది.

అట్లని తక్కువ బరువుతో పుట్టినవాడు తన నుదుటివ్రాత ఇంతేనని కూర్చోనక్కరలేదు. ఉప్పు తగ్గించడం, నడవడం, పోటును కొలిపించుకోవడం, వైద్యుడిచ్చిన మందు మానకుండా వాడడం ఏ వయస్సులోనైనా ఫలమిచ్చేవే. కాని పుట్టబోయేవాని కోసం ఇంటివారు చేయవలసిన మొదటి వైద్యం, వాని తల్లికి ముందుగా వడ్డించడం.