దివిసీమ అన్నం – వృద్ధుల ఆరోగ్యం

కృష్ణవేణి సాగరంలో కలిసే చోట హంసలదీవి ఉన్నది. ఆ పవిత్ర సంగమంలో మునిగిన కాకి హంస అయినదని స్థలపురాణం. నలుపు పోయి తెలుపు రావడం అక్కడ పుణ్యానికి గుర్తు. కాని ఈ తీరవాసుల జీవితంలో ఒక్క వస్తువు విషయంలో మాత్రం తెలుపు మేలు చేయలేదు. అది బియ్యం. వార్ధక్యంలో ఏమి తినాలి అన్న ప్రశ్నకు కొంత సమాధానం ఆ బియ్యం చరిత్రలోనే లభిస్తుంది.

1832–33 నాటి నందన కరువు కృష్ణాతీరాన్ని శ్మశానంగా మార్చింది. ఆ తరువాత 1852లో బెజవాడ వద్ద ఆనకట్ట నిర్మాణం ఆరంభమై, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855లో పూర్తి అయింది. కాలువలు గుడివాడ, బందరు ప్రాంతాలకు నీరు తెచ్చాయి. కాలక్రమాన పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకూ కాలువనీరు అందింది. జొన్న, సజ్జ వంటి మెట్టధాన్యాలు వెనుకబడి, వరి ఇంటింటి ఆహారమైంది. ఆకలి తీరింది. అది సామాన్యమైన మేలు కాదు.

ఆ రోజులలో స్త్రీలు వడ్లను రోట దంచి, చాటతో చెరిగేవారు. ఊక పోయినా గింజమీద తవుడు కొంత మిగిలేది. ఇరవయ్యవ శతాబ్దంలో బియ్యపు మిల్లులు వ్యాపించినకొద్దీ ఆ తవుడు పశువుల కుడితిలోకి పోయింది. మల్లెపూవు వంటి అన్నం సంపన్నతకు చిహ్నమైంది. దంపుడుబియ్యం పేదవాని తిండిగా పరిగణన పొందింది.

దీని ఫలితం బెరిబెరి వ్యాధి చరిత్రలో కనబడుతుంది. ఉత్తర సర్కారుల తీరంలో కాళ్లు తిమ్మిరెక్కి, నీరుపట్టి, గుండె బలహీనమయ్యే ఈ వ్యాధిని గురించి మాల్కంసన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో ఒక గ్రంథం ప్రకటించాడు. అప్పటికి మిల్లులు లేవు. కనుక దోషమంతా యంత్రానిదే అనడం న్యాయం కాదు. రోకటితోనైనా తెల్లగా దంచి, పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే సారం పోతుంది. 1890వ దశకంలో జావాద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లబియ్యం తిన్న కోళ్ల కాళ్లు పడిపోవడమూ, తవుడుతో కూడిన బియ్యం పెడితే అవి కోలుకోవడమూ గమనించాడు. తవుడులోని ఆ ప్రాణాధార పదార్థానికి తరువాత థయమిన్, అనగా బి-1 విటమిన్ అని పేరు వచ్చింది.

అరవదేశంలో ఉప్పుడుబియ్యం వాడుక ఎక్కువ. వడ్లను ఉడకబెట్టినప్పుడు ఈ విటమిన్ గింజలోనికి ఇంకి, మిల్లు పట్టినా చాలావరకు నిలుస్తుంది. మన సర్కారులవారు పచ్చిబియ్యమే తిన్నారు; బెరిబెరికి ఎక్కువగా గురి అయినదీ మనవారే. ఈ వ్యాధి విచారణకై 1918లో కూనూరులో మెకారిసన్ నెలకొల్పిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అదే సంస్థ 2024లో ప్రకటించిన పదిహేడు ఆహార సూత్రాలలో ఒకటి ప్రత్యేకించి వృద్ధులకు సంబంధించినది: వారి ఆహారం పోషకాలతో నిండి ఉండాలని.

ఈ సూత్రం అవసరమెందుకు? వయస్సు మీరినకొద్దీ ఆకలి తగ్గుతుంది. కాని మాంసకృత్తులు, విటమిన్లు, సున్నపుధాతువు శరీరానికి కావలసినది అదే పాళ్లలో తగ్గదు. అందువల్ల తినే ప్రతి ముద్దలోనూ సారం ఎక్కువ ఉండాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి విరుద్ధం. పళ్లు లేవని కూర మానేస్తారు. వాతమని పప్పు మానేస్తారు. చివరకు మెత్తని తెల్లన్నం, చారు, పలుచని మజ్జిగ మిగులుతాయి. అందరికీ వడ్డించి, మిగిలినదానితో ఒంటిపూట గడుపుకొనే తల్లులు ఎందరో! వారి నీరసాన్ని మనం వార్ధక్యమని సరిపెట్టుకొంటాము. అది ఆహారలోపం కావచ్చునని తలచము.

ఉపాయాలు మన వంటయింటిలోనే ఉన్నాయి. ఒంటిపట్టు బియ్యాన్ని నానబెట్టి, గంజి వార్చక అత్తెసరు పెట్టి మెత్తగా వండవచ్చు. మెదిపిన పప్పులో తోటకూర గాని, బచ్చలి గాని, మునగాకు గాని చేర్చవచ్చు. రాగిజావ, పెరుగు, తినేవారికి ముళ్లు తీసిన చేప నమలడానికి సులభమైనవే. ఊరగాయలు, ఎండుచేపలు తగ్గించాలి. రోజుకు ఉప్పు అయిదు గ్రాములకు మించకూడదు. బందరు లడ్డు, హల్వా పండుగనాటి రుచికే చాలు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి మార్పులు చేసుకోవాలి. అన్నిటికంటె ముఖ్యం, ఇంటి పెద్దల కంచంలో ఏమున్నదో ప్రతిదినమూ ఎవరో ఒకరు చూడాలి.

హంస గొప్పతనం దాని తెలుపులో లేదు. పాలను నీటినుండి వేరుచేసే వివేకంలో ఉన్నదని మన పెద్దలు చెప్పారు. హంసలదీవి పేరు తలచినప్పుడు ఆ వివేకం మన పెద్దల కంచంవరకు రావాలి.