విజయపురి రాజనగరు

పిడుగురాళ్ల సున్నపుబట్టీలలో గాలుచున్న రాయియు, నాగార్జునకొండ వస్తుప్రదర్శనశాలలో బుద్ధచరితమును దాల్చియున్న రాయియు నొక్కజాతివే; రెండును పలనాటి సున్నపురాయియే. అమరావతి మహాస్తూపపు చెక్కడపుపలకలు పెక్కు పూర్వమిట్లే కాలి సున్నమయ్యెనని యెరిగినవారు మాచర్ల మీదుగా విజయపురికి బోయి, లాంచి యెక్కి, యా కొండ చేరినప్పుడు, ఇచ్చటి రాళ్లయినను మిగిలినవి గదా యని యూరట జెందుదురు.

శాతవాహనుల తరువాత, క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో నీ సీమ నేలిన యిక్ష్వాకులకు విజయపురి రాజధాని. 1926లో శిథిలములు గుర్తింపబడగా లాంగ్‌హర్‌స్టు దొర కొంత త్రవ్వించెను. కృష్ణపై గట్టబోవు ఆనకట్టవలన లోయ యంతయు మునుగునని తేలిన పిమ్మట, ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమున 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు సాగినవి. కోటగోడయు, రాజనగరును, అశ్వమేధస్థలమును, రంగస్థలమును బయల్పడెను. కొన్ని కట్టడములను రాయిరాయిగా విప్పి కొండమీదను, అనుపులోను మరల నిలిపిరి. 1966లో ప్రదర్శనశాల వెలసినది. రాజులు మెలగిన నేల మాత్రము జలాశయము క్రింద నున్నది.

సింహాసనశాలను జూడగోరి వచ్చువారి కిది వెలితియే. శాసనములు చదువగోరువారికి వెలితి లేదు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము జేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీయో, మహాచైత్యమునకు స్తంభముల నెత్తించిన బౌద్ధదాత! సోదరుని మతము నామె యేల యనుసరింపలేదని యడిగినవారున్నట్లు కానరాదు. బోధిశ్రీ యను ఉపాసిక రాణియే కాదు. ఆమె సింహళాచార్యుల కొరకు చైత్యగృహము గట్టించి, తన బంధువులను పేరుపేరున ప్రాకృతభాషలో శాసనమున కెక్కించెను. స్త్రీకి సొంతధనమును, దానిని వెచ్చించు స్వాతంత్ర్యమును మన దేశమున నెన్నడు నెరుగమని వాదించు పెద్దలను ఈ పలకల యెదుట గొంతసేపు నిలువబెట్టవలయును.

అట్లని యది స్త్రీలకు స్వర్ణయుగమని పొంగుటయు దగదు. శాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుడు మేనత్తల కుమార్తెలనే పలువురను బెండ్లాడెను. మేనరికము మన యిండ్లలో నెంత పాతదో దీనివలన దెలియుచున్నది. ఆ భార్యల మన సెట్టిదో యే శాసనమును జెప్పదు.

రాజనగరును ముంచిన యా నీరే కుడికాలువ గుండ పలనాటి ప్రత్తికిని మిరపకును బారుచున్నది. లోయలోని పల్లెలవారును దానికొరకే తమ యూళ్లు విడిచి లేచిపోయిరి. వారి యిండ్లలో నొక్కటియు కొండమీదికి జేరలేదు.